యాభై సెకన్ల బురద

మా సంస్థ ఆ ఏడాదిని ఏకరూపతా సంవత్సరంగా ప్రకటించింది. ప్రకటించడమే తడవు, ఆఫీసుల్లో కుర్చీలన్నీ ఒకే రంగుకి మారిపోయాయి. గుమాస్తాల చొక్కాలు మారాయి. కాంటీను ఇడ్లీకి బరువు ఖరారైంది. ఆఖరికి డ్రైవర్ల మీసాల మీద కూడా ఒక ఉపసంఘం కూర్చుని, ఎటూ తేల్చలేక లేచింది. ఇంకేం మిగిలిందా అని పైవాళ్లు వెతుకుతుంటే వాళ్ల కంటికి మా బురద ఆనింది.

నేను కొంగలంక రిగ్గుకి ఇన్‌చార్జిని. పేరు సూర్యప్రకాశం. నాకు నోటి దురుసు ఎక్కువని సర్వీసు రికార్డులోనే రాసిపెట్టారు కాబట్టి ఈ కథలో అక్కడక్కడ అది కనబడితే ఆశ్చర్యపోకండి.

భూమిలోంచి గ్యాసు తీసే పని మాది. రిగ్గుతో బావి తవ్వుతున్నంతసేపూ గొట్టంలోంచి కిందికి ఒక బురద పంపుతూ ఉంటాం. అది అడుగుదాకా వెళ్లి, గొట్టం చుట్టూ ఉన్న సందులోంచి పైకి తిరిగొస్తుంది. వస్తూ వస్తూ కింద పగలగొట్టిన రాతి ముక్కల్ని మోసుకొస్తుంది. పైగా తన బరువుతో కింద ఉన్న గ్యాసుని తొక్కిపెట్టి ఉంచుతుంది. పల్చబడితే ముక్కల్ని మొయ్యలేదు, బరువు తగ్గితే గ్యాసు ఆగదు. గ్యాసు ఆగకపోతే పైన మంటే. అందుకని మా అందరి ప్రాణాలూ ఆ బురద మీదే ఉంటాయి.

దాని చిక్కదనం కొలవడానికి ఒక గరాటు ఉంది. అందులో బురద పోసి, కింద చెంబు నిండడానికి ఎన్ని సెకన్లు పట్టిందో చూస్తారు. చిక్కనిదైతే ఎక్కువ పడుతుంది, పల్చనిదైతే తక్కువ. ఇంతకన్నా అందులో బ్రహ్మవిద్య ఏమీ లేదు.

పట్నంలో మా హెడ్డాఫీసులో ప్రమాణీకరణ విభాగానికి పరాంకుశం గారని ఒక జనరల్ మేనేజరు ఉండేవారు. ఆయనకి ఒకరోజు మా రిపోర్టు చూసి కడుపు మండింది. పొద్దున్న యాభై రెండు సెకన్లు, మధ్యాహ్నం నలభై మూడు. అదే రిగ్గు, అదే తొట్టె, అదే బురద. సంస్థ యావత్తూ ఏకరూపంగా ఉంటే బురద మాత్రం పూటకో మాట చెప్పడం ఏమిటని ఆయన బాధ. వారం తిరక్కుండానే సర్క్యులర్ దిగింది.

"ఇందుమూలముగా యావన్మంది రిగ్గు అధికారులకు తెలియజేయునది ఏమనగా, సంస్థ పరిధిలోని సమస్త బురదయు ఇరవై అయిదు డిగ్రీల వద్ద యాభై సెకన్ల చిక్కదనము కలిగి ఉండవలెను. సదరు చిక్కదనము బావి మూతియందును, మధ్యమునందును, అడుగునందును ఏకరీతిగా వర్తించును. ఇందుకు భిన్నముగా ప్రవహించు బురదకు సంబంధిత కెమిస్టు వ్యక్తిగత బాధ్యత వహించవలెను."

సంబంధిత కెమిస్టు అంటే మా హైమావతి. తణుకు అమ్మాయి. బురదని చేత్తో తీసి రెండు వేళ్ల మధ్య రాసి చూసిందంటే ఇక గరాటు అక్కర్లేదు. సర్క్యులర్ చదివి ముందు పకపకా నవ్వింది. రెండోసారి చదివాక నవ్వలేదు.

"సార్, బెల్లం పాకం పొయ్యి మీద ఉన్నప్పుడు ఎలా ఉంటుంది? దించి చల్లారబెడితే ఎలా ఉంటుంది? ఇదీ అంతే కదా! కింద వేడికి పల్చబడిపోతుంది. ఒత్తిడి కాస్త బిగిస్తుంది గానీ, మన బురదలో ఉన్నది నీళ్లేగా, ఒత్తిడి పెద్దగా పట్టదు. వేడిదే పైచేయి. కింద పల్చబడుతుందని తెలిసే మనం పైన కొంచెం చిక్కగా ఉంచుతాం. పైనా కిందా యాభయ్యే ఉండాలంటే ఎలా?"

"ఆ మాటే ఆయనకి చెప్పు," అన్నాను.

చెప్పింది. స్పీకరు పెట్టి ఫోన్ చేశాం.

"కింద ఎంత ఉంటుందమ్మా వేడి?" అన్నారు పరాంకుశం గారు.

"నాలుగు కిలోమీటర్ల లోతు సార్. నూట యాభై డిగ్రీలకి కాస్త అటూ ఇటూ."

అవతల కాగితాలు తిరగేసిన చప్పుడు.

"ఎవరి అనుమతితో?"

హైమావతి నా మొహం చూసింది. నేను దాని మొహం చూశాను. భూమి అంత లోతున వేడెక్కడానికి ఎవరి అనుమతి తీసుకుందో మా దగ్గర కాగితం లేదు.

సరే, నోటిమాట వినరు కాబట్టి సాక్ష్యం పంపుదామని ఉష్ణోగ్రత కొలిచే పనిముట్టుని తాడు కట్టి బావి అడుగుకి దించాం. నూట నలభై ఎనిమిది చూపించింది. ఆ కాగితం జతపరిచి పంపాం. జవాబు తిరుగు టపాలో వచ్చింది. "సదరు పనిముట్టు వ్యక్తపరచినది దాని సొంత అభిప్రాయముగా పరిగణించడమైనది. ఉష్ణోగ్రత అనునది స్థానిక పరిస్థితి. స్థానిక పరిస్థితులను బట్టి ప్రమాణములు మార్చుటకు నియమములలో వెసులుబాటు లేదు. ఇక ఒత్తిడి విషయమై, ఈ సంస్థ ఏ ఒత్తిళ్లకూ లొంగబోదని స్పష్టము చేయడమైనది."

దానితో ఆగినా బాగుండేది. మేము మొండికేస్తున్నామని అనుమానించి పరాంకుశం గారు స్వయంగా దిగబడ్డారు, అదీ రోహిణీ కార్తెలో! కారు వెనక ఒక లారీ, లారీ మీద ఏసీ పెట్టిన అద్దాల గది. బురదని ఇరవై అయిదు డిగ్రీల దగ్గర కొలవాలంటే దానికో చల్లని గది ఉండాలి కదా. ఆ గదిలో మధ్యన బురద గిన్నె, దాని పక్కన గరాటు, గరాటు పక్కన సోఫాలో పరాంకుశం గారు. మేము బయట రేకుల కింద ఉడికిపోతున్నాం.

రిగ్గు కంచెకి ఆనుకుని మంగతాయారు టీ కొట్టు ఉంది. కొట్టు వెనకే ఆవిడ ఇల్లు, ఆ వెనక కొంగలంక పేట, ఓ నలభై గడప. పుట్టింటికొచ్చిన ఆవిడ కూతురికి పురుడై అప్పటికి నెల కూడా కాలేదు. ఆడపిల్ల. ఎండకి ఆ రేకుల ఇంట్లో పసిగుడ్డు గుక్కపట్టి ఏడుస్తుంటే మాకు రిగ్గు మీదికి వినబడేది. మంగతాయారు టీ గ్లాసులు పట్టుకుని అద్దాల గది దగ్గరికి వెళ్లింది.

"బాబుగారూ, ఈ గది సగం కాళీగానే ఉందండి. మా మనవరాల్ని మజ్జానం ఓ గంట ఇందులో పడుకోబెట్టుకోమంటారాండీ? ఏడుపు రానివ్వనండి."

"అమ్మా, ఈ గది బురదకి కేటాయించబడినది. మానవమాత్రులకి ఇందులో ప్రవేశం లేదు," అన్నారు పరాంకుశం గారు, సోఫాలో ఇంకాస్త వెనక్కి జారి.

"ఆయ్, తవరు ఉన్నారు కదండీ అని అడిగేనండి," అని వచ్చేసింది.

గిన్నెలో బురద నీళ్లు కలిపాక యాభై చూపించింది గానీ, తొట్టెల్లో ఉన్నది చూపించలేదు. బావిలోంచి వచ్చే బురద పొగలు కక్కుతూ వస్తుంది. దాన్ని కూడా ఇరవై అయిదుకి తేవాలన్నారు పరాంకుశం గారు. ఎలాగండీ అంటే, "ఈ జిల్లాలో రొయ్యలకి ఐసు వేస్తున్నారా లేదా? జాతీయ ఆస్తికి వెయ్యలేరా?" అని ఎదురడిగారు.

ఐసు ఫ్యాక్టరీల నుంచి లారీలు రావడం మొదలైంది. చుట్టుపక్కల చెరువుల వాళ్లు రొయ్యలకి ఐసు దొరక్క మమ్మల్ని తిట్టని తిట్టు లేదు. మా కుర్రాళ్లు దుంగలంత ఐసు గడ్డల్ని తొట్టెల్లోకి దొర్లించేవారు. ఇరవై అయిదుకి దిగింది. దిగగానే బురద గడ్డకట్టిన జున్నులా అయింది. గరాటులో ఎనభై.

"ఎనభై! నీళ్లు కలపండి," అన్నారు పరాంకుశం గారు.

"సార్, ఐసు కరిగిందే బోలెడు నీళ్లు," అంది హైమావతి. "ఇంకా కలిపితే బరువు పడిపోతుంది. ఇది చల్లగా ఉంది కాబట్టి యాభై చూపిస్తుంది. కిందికెళ్లి కాగిందంటే మజ్జిగ తేటైపోతుంది. ముక్కల్ని మొయ్యదు, గ్యాసుని ఆపదు."

"పైన యాభై ఉందా, లేదా?"

"కలిపితే ఉంటుంది సార్."

"సర్క్యులర్ ప్రకారం పైన యాభై ఉంటే కిందెంత?"

హైమావతి చేతికంటిన బురదని రెండు వేళ్ల మధ్య రాసి చూసుకుంది.

"యాభై," అని ఆయనే చెప్పారు, బడిపిల్లకి ఎక్కం అప్పజెప్పినట్టు.

నాకు ఒళ్లు మండిపోయింది. ఈ బురదతో బావి తవ్వలేం, సంతకం చేసి పని ఆపించండి అన్నాను. పని ఆపడానికి కారణం బురద ప్రమాణంలో తేడా అయి ఉండాలి, బురద ప్రమాణంలో తేడా లేదు, కాబట్టి ఆపడానికి వీల్లేదు అన్నారు. ఈ మనిషితో వాదిస్తే గోడకి చెప్పుకున్నట్టేనని ఇవతలికొచ్చాను.

ఆ సాయంత్రం చూస్తే హైమావతి వెనక తొట్టె దగ్గర బెరైటీస్ మూటలు విప్పి పోయిస్తోంది. బురదకి బరువెక్కించే పొడి అది. తొట్టె నిండా బరువైన, చిక్కని, అసలు సిసలు బురద కలిపి ఉంచింది. తొట్టె మీద సున్నంతో పెద్ద అక్షరాలు రాయించింది, 'మురుగు' అని.

"ఇదేంటే?" అన్నాను.

"సర్క్యులరు బురదకి సార్. మురుగు గురించి అందులో ఒక్క ముక్క లేదు," అంది. "మంగతాయారుగారి మనవరాలి ఏడుపు వినబడుతున్నంతకాలం ఈ తొట్టె ఇక్కడుంటుంది. ఏం చేసుకుంటారో చేసుకోమనండి."

పేటలో వాళ్లని కొన్నాళ్లు దూరంగా పంపుదామని పై ఆఫీసుకి రాశాను. యాభై సెకన్ల బావి పక్కనుంచి జనాన్ని ఖాళీ చేయిస్తే సంస్థ ప్రతిష్ఠకి భంగమని జవాబొచ్చింది.

నీళ్లు కలిపిన ఆ ఐసు బురద పంపడం మొదలెట్టాక, పైకొచ్చే బురదని వడకట్టే జల్లెడ మీద రాతి ముక్కలు తగ్గుతూ వచ్చాయి. ఒక మధ్యాహ్నానికి ఒక్క ముక్కా రాలేదు. పరాంకుశం గారు గదిలోంచి బయటికొచ్చి ఆ జల్లెడ చూసి మురిసిపోయారు.

"చూశారా ప్రకాశం గారూ! ఎంత శుభ్రంగా ఉందో! మీరేళ్ల తరబడి ఈ రాళ్లూ రప్పలూ పైకి తెచ్చి స్థలం పాడుచేశారు. ప్రమాణం పాటిస్తే ఇదీ ఫలితం."

ముక్కలు రావడం లేదంటే కింద పేరుకుపోతున్నాయన్నమాట. గొట్టం పైకి లాగమన్నాను. కదల్లేదు. తిప్పమన్నాను. తిరగలేదు. నాలుగు కిలోమీటర్ల కింద దాని నడుం చుట్టూ రాళ్లు కూరుకుపోయాయి. అంతలో హైమావతి తొట్టెల దగ్గర నుంచి పరిగెత్తుకొచ్చింది.

"సార్, తొట్టెలు పొంగుతున్నాయి! పంపినదానికన్నా ఎక్కువ వస్తోంది. బావిలోకి గ్యాసు దూరింది!"

"ఎక్కువ వస్తోందా?" అన్నారు పరాంకుశం గారు సంబరంగా. "ఉత్పత్తి పెరిగిందన్నమాట."

ఆయన్ని పక్కకి నెట్టి, బావి మూతి బిగించే పెద్ద వాల్వుని మూయించాను. మూత పడింది గానీ కింద ఒత్తిడి ఎక్కుతోంది. ఒత్తిడి చూపించే గేజి ముల్లు ఎర్రగీత దాటింది. మూతి దగ్గర సన్నగా బుస్సుమంటోంది, వాసన కూడా తగిలింది. గాలి పేట వైపు ఉంది. కంచె అవతల మంగతాయారు పొయ్యి మీద పాలు కాగుతున్నాయి.

"సైరన్ వెయ్యండి!" అని అరిచాను.

పరాంకుశం గారు సైరన్ పెట్టెకి అడ్డంగా నిలబడ్డారు. "ఆగండి. ఇప్పుడే గరాటు చూసి వస్తున్నాను. యాభై. యాభై ఉన్న బావికి సైరన్ వేసిన దాఖలా సంస్థ చరిత్రలో లేదు."

"తప్పుకోండి సార్," అంది హైమావతి. ఆయన తప్పుకోలేదు. ఆయన చంక కిందినుంచి చెయ్యి దూర్చి నొక్కేసింది.

ఆ కూత వినగానే మంగతాయారు ఒక్క క్షణం ఆలోచించలేదు. కాగుతున్న పాలగిన్నె ఎత్తి పొయ్యిలో కుమ్మరించేసింది. పక్కనున్న నీళ్ల బిందె కూడా పోసింది. "ఒలే లెగే, పిల్లనెత్తుకోయే!" అని కూతురి మీద అరుస్తూ ఏటిగట్టు వైపు పరుగు. పేటంతా వాళ్ల వెనకే, ముసలీ ముతకా, మేకలతో సహా. పరాంకుశం గారు కూడా పరిగెత్తారు. న్యాయం చెప్పాలి, ఆయన ఉత్తచేతులతో పారిపోలేదు. యాభై సెకన్ల నమూనా ఉన్న ఐసు పెట్టెని గుండెలకి హత్తుకుని మరీ పరిగెత్తారు.

ఇక హైమావతి 'మురుగు' తొట్టె వాల్వు తిప్పింది. ఆ బరువైన బురదని గొట్టంలోంచి మెల్లమెల్లగా కిందికి తోశాం. చుట్టూ ఉన్న సందులోంచి గ్యాసు బుసలు కొడుతూ, దాన్ని తీసుకుపోయి కాల్చెయ్యడానికి వేసిన పక్క గొట్టంలో పడి, దూరంగా ఉన్న గోతిలో మండిపోయింది. గేజి ముల్లు దిగేదాకా హైమావతి అక్కణ్ణుంచి కదల్లేదు. మొహమంతా బురద. పొద్దు వాలేసరికి బావి నిమ్మళించింది. గట్టు మీంచి జనం తిరిగొచ్చారు. పసిపిల్ల మళ్లీ ఏడవడం మొదలెట్టింది. ఆ ఏడుపు వింటే నాకు కళ్లంట నీళ్లాగలేదు. సిగ్గెందుకు, ఏడ్చాను.

ఇరుక్కున్న గొట్టం మాత్రం ఎంత లాగినా రాలేదు. ఆఖరికి ఆ బావిని వదులుకుని, సిమెంటు పోసి పూడ్చేశాం. ఏళ్ల కష్టం, కింద ఉన్న గ్యాసు, అంతా మట్టిపాలు.

దానికి పరాంకుశం గారు బాధపడతారేమో అనుకున్నాను. ఆయన ముఖం వెలిగిపోయింది. సిమెంటు పైనా ఒకటే, మధ్యా ఒకటే, అడుగునా ఒకటే. ఎంత వేడిలోనైనా ఎంత ఒత్తిడిలోనైనా దాని చిక్కదనం మారదు. సర్క్యులర్‌ని నూటికి నూరుపాళ్లూ పాటించిన మొట్టమొదటి బావి కొంగలంక బావేనని, ఏకరూపతా సంవత్సరం ముగింపు సభలో దానికి ఒక షీల్డు ఇచ్చారు. తీసుకోవడానికి ఆయనే వెళ్లారు.

షీల్డు తెచ్చుకున్నాక విచారణకొచ్చారు. హైమావతి మీద రెండు అభియోగాలు. ఒకటి, అనుమతి లేకుండా సైరన్ మోగించి జనాన్ని భయభ్రాంతులకు గురిచేయడం. రెండు, జాతీయ ఆస్తి అయిన బావిలోకి మురుగు పంపడం. రుజువైతే ఉద్యోగం ఊడుతుంది. సైరన్ వెయ్యమన్నది నేనేనని ఎంత మొత్తుకున్నా, బురదకి కెమిస్టే వ్యక్తిగత బాధ్యురాలని సర్క్యులర్లో ఉందని కొట్టిపారేశారు. పేట నుంచి సాక్షిగా మంగతాయారుని పిలవాలన్నారు. కొట్టు వదిలి రానందావిడ. బల్ల, కుర్చీలు, స్టెనో, ఫైళ్లు అన్నీ ఆవిడ కొట్టు ముందుకే తరలివచ్చాయి. హైమావతి చేతులు కట్టుకుని ఒక పక్కన నిలబడింది.

"మీరేనా సాక్షి?" అన్నారు పరాంకుశం గారు.

"నేనేనండి. ఆ అమ్మాయిగారు కూత ఎయ్యకపోతే మా పేటంతా బుగ్గయిపోయేదండి. నా కూతురూ మనవరాలూ దక్కేరంటే ఆవిడ చలవేనండి," అంది మంగతాయారు, గ్లాసులు కడుగుతూనే.

"అభిప్రాయాలు వద్దు. అడిగినదానికి జవాబు చెప్పండి. ఆ రోజున పేలుడు జరిగిందా?"

"లేదండి."

"మీ ఇల్లు తగలబడిందా?"

"లేదండి."

"ఎవరికైనా గాయమైందా?"

"మేకొకటి కాలు బెణికిందండి."

"కాబట్టి ప్రమాదం జరగలేదు. జరగని ప్రమాదానికి సైరన్ ఎందుకు వేశారన్నదే ఇక్కడ ప్రశ్న."

మంగతాయారు గ్లాసు కడగడం ఆపి తలెత్తింది. "అది జరిగుంటే, ఇక్కడ నిలబడి మీకు సాచ్చికం చెప్పడానికి నేనుంటానాండీ?"

పరాంకుశం గారు స్టెనో వైపు తిరిగారు. "రాసుకో. ప్రమాదము జరగలేదని సాక్షి స్వయముగా అంగీకరించినది."

స్టెనో కాగితం టైపు కొట్టి బల్ల మీద పెట్టాడు. "ఇక్కడ సంతకం పెట్టండమ్మా. మీ సంతకం పడితే విచారణ పూర్తవుతుంది."

"ఏం రాసేరండీ ఇందులో?" అని మంగతాయారు నన్నడిగింది. ఉన్నదున్నట్టు చదివి వినిపించాను. ఆవిడ హైమావతి వైపు ఓసారి చూసింది. తర్వాత రెండు చేతులూ మోచేతుల దాకా గ్లాసులు కడిగే తొట్టెలో ముంచి, "చేతులు తడిగా ఉన్నాయండి. కాయితం పాడైపోద్ది. ఆరనివ్వండి," అంది.

మా సంస్థలో నియమం గట్టిది. సాక్షి సంతకం లేనిదే విచారణ పూర్తికాదు. విచారణ పూర్తికానిదే శిక్ష లేదు, బదిలీ కూడా లేదు. అందుకని హైమావతి ఇప్పటికీ కొంగలంకలోనే, పేటకి అవతల తవ్వుతున్న కొత్త బావి మీద పని చేస్తోంది. అక్కడ అన్ని తొట్టెల మీదా 'మురుగు' అనే రాసి ఉంటుంది.

హెడ్డాఫీసు నుంచి నెలనెలా ఎవరో ఒకరు ఆ ఫైలు పట్టుకుని ఏసీ కారులో దిగుతూనే ఉంటారు. మొన్న కూడా ఒకాయన వచ్చాడు. మంగతాయారు ఆయనకి టీ ఇచ్చింది. మనవరాలు కొట్టు ముందు ఇసకలో పాకుతోంది. ఆయన టీ తాగి, ఫైలు విప్పి, కలం మూత తీసి అందించాడు.

మంగతాయారు తొట్టెలోంచి చేతులు పైకెత్తి చూపించింది.

"ఇంకా ఆరలేదండి."